రెండువైపులా రాసిన కాగితం

1944 జూన్ 12

వైకుంఠం నా నావెల్ డ్రాఫ్ట్ తిరిగిచ్చాడు. బడిపంతులు, పైగా తనూ కథలు రాస్తాడు కాబట్టి మార్జిన్ల నిండా ఎర్రసిరా. నాలుగో ఛాప్టర్ మీద మాత్రం ఒక్క గీత లేదు. అడిగితే, గీయడానికి అందులో ఏముందన్నాడు. పాలుపోసే మనిషిని ఠాణాకు పట్టుకపోతే నువ్వు రాసినట్ల పోలీసు అమీన్ కుర్చీ ఏసి చాయ్ తాపిస్తడా, పోయినేడు మన పాల పెంటయ్య ఠాణాల ఎట్ల సచ్చిండో మాదన్నపేట మొత్తానికి ఎరుకనే గదా, నీకెందుకు ఎరుక లేదన్నాడు. నీకు భయం, అందుకే నీ కలానికీ భయం అన్నాడు.

నిజమే. అందుకే ఒళ్లు మండింది.

జూన్ 14

మళ్లీ వచ్చాడు. ఉపాయం చెప్పాడు. మొదట అసలు పేర్లతోనే రాయాలట. మనిషి కళ్లముందుకు వస్తాడట. అంతా అయ్యాక పేర్లు మార్చుకోవాలట. తనూ అట్లాగే రాస్తాడట. వాడు రాసేది వాళ్ల మామగారి పిసినారితనం గురించి. మామగారి చేతిలో లాఠీ లేదు.

జూన్ 20

రాస్తున్నాను. యుద్ధం వచ్చి తెల్లకాగితం కరువైపోయింది. నేను మున్షీగా పనిచేసే కచేరీలో ఉర్దూలోకి తర్జుమా చేసేటప్పుడు పాడైన అర్జీలు ఇంటికి తెచ్చుకుని వాటి వెనక రాస్తున్నాను. ముందువైపు ఎవరిదో పొలం తగాదా. వెనకవైపు పెంటయ్య.

అమీన్ అసలు పేరు రాసేముందు లేచి తలుపు గడియ పెట్టి వచ్చాను. ఆ తర్వాత కలం దానంతటదే పోయింది. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఆ పేరు ఈ డైరీలో మాత్రం రాయను.

జూన్ 29

నాలుగో ఛాప్టర్ పూర్తయింది. ఇక పేర్లు మార్చాలి.

జూలై 1

కాగితాలు లేవు.

మా ఆవిడ లలితమ్మను అడిగాను. రద్దీలో, చిత్తుకాగితాల్లో వేశానంది. ఈ ఇంట్లో రూల్ పెట్టింది నేనే. ఒకవైపు ఖాళీ ఉన్న కాగితం దాచాలి, రెండువైపులా రాసింది రద్దీ. నెలాఖరుకు రద్దీ అంతా రుక్మాబాయి కిరాణా కొట్టుకు పోతుంది, బదులుగా చింతపండు వస్తుంది. మీరే గట్ల చెప్పిన్రు గదా అంటూ నా మొహం చూసి లలితమ్మ ఏడ్చేసింది. ఆమె తప్పేముంది? సంగతి మాత్రం చెప్పలేదు. చెబితే ఇద్దరం వణకాలి.

కొట్టుకు పరుగెత్తాను. కొన్ని పేజీలు దొరికాయి. మిగతావి పొట్లాలైపోయాయట. గీ కాయితాలకు గింత పరేషానేంది మున్షీ అని రుక్మాబాయి నవ్వింది. ఎవరెవరు కొన్నారో ఆమెకేం గుర్తుంటుంది? ఠాణా జవాన్లు కూడా పల్లీలు అక్కడే కొంటారు.

జూలై 2

దొరికినవి వరుసగా పేర్చి చూశాను. పెంటయ్యను కొట్టే పేజీ లేదు. ఎక్కువసార్లు పేరు రాసింది అందులోనే.

జూలై 3

వీధిలో ఎవరి చేతిలో పొట్లం కనిపించినా దాని మీద రాత నాదేనేమోనని తొంగిచూస్తున్నాను.

జూలై 5, మధ్యాహ్నం

ఠాణా జవాను గుండయ్య వచ్చాడు. అమీన్ సాబ్ యాద్ చేసిండు, పొద్దుగూకకముందే రమ్మన్నడు అని చెప్పి పోయాడు. లలితమ్మ ఉతికిన షేర్వానీ తీసిచ్చింది. ప్రమోషన్ లాంటిదేదో అనుకుంటోంది పాపం.

జూలై 5, సాయంత్రం

ఇంటికొచ్చాను. వచ్చానని నమ్మకం కుదరడానికి గోడకు ఆనుకుని కూర్చున్నాను.

అమీన్ బల్ల మీద నా పేజీ ఉంది. పల్లీల పొట్టు ఇంకా అంటుకునే ఉంది. ఆయనకు తెలుగు రాదు. ముందువైపు ఉర్దూ చూసి చేతిరాత నాదని పోల్చుకున్నాడు. వెనకవైపు ఏముంది, సర్కారు మీద ఏమైనా రాశావా అని అడిగాడు. కథ హుజూర్ అన్నాను. చదివి ఉర్దూలో చెప్పమన్నాడు. గుండయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

కాగితంలో అమీన్ బూటుకాలు పెంటయ్య వీపు మీద ఉంది. నా నోరు మాత్రం ఉర్దూలో, అమీన్ సాబ్ పాలవాడికి కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు, పిల్లలెలా ఉన్నారని అడిగాడు అంటోంది. ఆయన పేరు వచ్చిన ప్రతిచోటా బొటనవేలు అడ్డం పెట్టాను. ఆ పేరు ఆయన చదవలేడని తెలుసు. అయినా పెట్టాను. జన్మలో ఇంత వేగంగా రివిజన్ చేయలేదు.

విని అమీన్ నవ్వాడు. దొంగకు చాయ్ పోసే అమీన్ ఎక్కడుంటాడు మియా, జనం నమ్ముతారా, కాస్త రోబు, దర్పం పెట్టు అన్నాడు. వైకుంఠం అన్నదీ అదే. శుక్రవారం తనకు తీరిక, మిగతా కథ తెచ్చి వినిపించాలట. పేజీ తిరిగివ్వలేదు. సొరుగులో పెట్టుకున్నాడు.

జూలై 6

నిన్న ఇది రాయలేకపోయాను.

గుండయ్య నన్ను సాగనంపుతూ సందు మలుపుదాకా వచ్చాడు. సాబ్ ముందుగాల నన్నే సదువుమన్నడు, నాకు తెలుగు రాదని చెప్పిన అన్నాడు. వస్తదా అని అడిగాను. మొత్తం సదివిన అన్నాడు.

పారిపోదామనుకున్నాను. ఎక్కడికి?

వాడు నా వైపు చూడకుండానే మాట్లాడాడు. అన్నా, నువ్వు రాసినట్లనే అయింది, కని ఒకటి ఇడిసిపెట్టినవు అన్నాడు. పెంటయ్య నీళ్లడిగిండు. చెంబు నా చేతులనే ఉండె. సాబ్ దిక్కు చూసిన. సాబ్ వద్దనలే, ఇయ్యమనలే. నేనే ఇయ్యలే. గది రాయి అన్నాడు.

నీ పేరు మార్చాలా అని అడిగాను. ఠాణా వైపు నడిచి వెళ్లిపోయాడు.

జూలై 7, శుక్రవారం

చంకలో పాత డ్రాఫ్ట్ పెట్టుకుని బయలుదేరుతున్నాను. అందులో అమీన్ చాయ్ పోస్తాడు. కొత్తది, పోయిన పేజీ మళ్లీ రాసి, బియ్యం డబ్బాలో పెట్టాను. అందులో పెంటయ్య నీళ్లడిగాడు. ఎవరి పేరూ మార్చలేదు. లలితమ్మకు రూల్ మార్చి చెప్పాను. రెండువైపులా రాసిన కాగితం దాచాలి. నేను రాకపోతే వైకుంఠానికి ఇవ్వాలి.