అప్ప పేరు ఎదుట

విశాఖపట్నం విమానాశ్రయం,
మంగళవారం మధ్యాహ్నం

ప్రియమైన అప్పకి,

నీ తమ్ముడు ఢిల్లీరావు దణ్ణాలు. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు "ఏరా, తిన్నావా?" అనగానే, చెప్పాలనుకున్నది వదిలేసి, తిన్నానని చెప్పి పెట్టేస్తున్నాను. నాలుగు నెలలుగా ఇదే తంతు. ఇవాళ ఢిల్లీ విమానం మూడు గంటలు ఆలస్యమన్నారు. ఆర్డరు పుస్తకంలోంచి కాగితాలు చింపుకుని కూర్చున్నాను. ఇది పూర్తయ్యాకే లేస్తాను.

పలాస తిరుమలరావు గారి కంపెనీ జీడిపప్పు అమ్మడానికి ఊళ్ళు తిరగడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. వారానికి రెండు విమానాలు. బోర్డింగ్ పాసు మీద పేరు చూసి "ఢిల్లీరావు గారు ఢిల్లీకేనా?" అని కౌంటర్లో పిల్లలు నవ్వుతారు. బెల్టు, వాచీ, పర్సు ట్రేలో పడేసి చేతులు చాచి నిలబడటం నాకు నిద్రలో కూడా వచ్చు. మొదటిసారి ఎక్కేవాళ్ళని దూరంనుంచే పోల్చుకుంటాను. బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుంటారు, ప్రతి ప్రకటనకీ లేచి నిలబడతారు. నాలాంటివాళ్ళం తలెత్తం. ఐదొందల మంది మధ్య కూర్చుని ఒక్కరి మొహమూ చూడకుండా రోజు గడిపేయొచ్చు. ఇన్నేళ్ళలో నాకు అలవడింది అదే అప్పా, చూడకపోవడం.

ఒకసారి భువనేశ్వర్ నుంచి విశాఖకి వస్తున్నాను. ఎండ బాగా కాసింది. కింద బారువ తీరం, తెల్లటి నురగ, దాని వెనక మన ఉద్దానం తోటలు. కొబ్బరీ జీడీ కలిసిపోయి ఒకటే పచ్చ. మన తోట కోసం వెతికాను. దొరకలేదు. ఇల్లు లేదు, నువ్వు లేవు, మనిషన్నవాడే లేడు. పైనుంచి చూస్తే అదంతా ఖాళీ జాగా.

ఇక అసలు సంగతి. మన తోటవైపు విమానాశ్రయం కడతామని సర్వేకి వచ్చినవాళ్ళు మార్చిలో నన్ను పలాసలో కలిశారు. నాన్న మూడెకరాల మీదా మనిద్దరి పేర్లూ ఉన్నాయి కదా. భూమి ఇవ్వడానికి సమ్మతించే కాగితంలో నా పేరు ఎదుట సంతకం పెట్టాను. నీ పేరు ఎదుట "మా అప్పకీ సమ్మతమే" అని నా చేత్తోనే రాశాను. నిన్ను అడగలేదు.

డబ్బు కోసం కాదు. ఆరేళ్ళ కిందట, అమ్మకి సీరియస్‌గా ఉంది, రమ్మని బావ ఫోన్ చేసినప్పుడు నేను ముంబయిలో ఉన్నాను. దొరికిన విమానమెక్కి, విశాఖలో దిగి, టాక్సీలో హైవే మీద పరుగు. నిమ్మాడ దాటుతుండగా రెండో ఫోను, అమ్మ లేదని. ఆ రోజునుంచి నా బుర్రలో ఒకటే లెక్క. ముంబయి నుంచి విశాఖకి రెండు గంటలు, విశాఖ నుంచి అమ్మ దగ్గరికి నాలుగున్నర. విమానం మన దగ్గరే దిగి ఉంటే అమ్మ నన్ను చూసేది. నాచేత ఆ సంతకం పెట్టించింది ఆ లెక్కే.

పోయిన నెల, ఉత్తరాదిన కొత్తగా కట్టిన ఒక విమానాశ్రయంలో ఆరు గంటలు ఇరుక్కుపోయాను. నేల తుడిచే ఒకావిడ, నీ ఈడుదే, నా దగ్గరికొచ్చి ఆగింది. కాళ్ళెత్తాను. తుడిచింది. ఎందుకో, వచ్చీరాని హిందీలో "మీదే ఊరు?" అనడిగాను. చేతిలో కర్రతో అద్దం అవతలి రన్‌వే చూపించింది.

"అదే. మా బావి ఆ దీపం పక్కన ఉండేది."

"ఎప్పుడైనా విమానం ఎక్కారా?"

"నా పాసు ఆ తలుపు దాకానే."

బ్యాగులోంచి శాంపిల్ జీడిపప్పు పొట్లం ఒకటి తీసి ఇచ్చాను. ఓ పప్పు నమిలి, "మీ చెట్లవేనా?" అంది. "ఔను, మా అప్ప తోటవి" అన్నాను. అబద్ధం. అవి ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిన గింజలు. "తియ్యగా ఉన్నాయని మీ అప్పకి చెప్పండి" అని బకెట్టు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నీ తోట లేకుండా పోవడానికి సంతకం పెట్టినవాణ్ణి, నీ తోట పేరు చెప్పుకుని గొప్పలు పోయాను.

నిన్న మండలాఫీసుకి వెళ్ళాను. నా సమ్మతి వెనక్కి తీసుకుంటున్నాననీ, నీ పేరు ఎదుట రాసింది నీకు తెలియకుండా నేను రాసిందేననీ కాగితం మీద పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకున్నాను. "ఇలా ఒప్పుకుంటే మీకే ఇబ్బంది కదండీ" అన్నాడు గుమాస్తా. పడతానన్నాను. నన్ను క్షమించమని అడగను. తిట్టాలనుంటే రమ్మను, వచ్చి నిలబడతాను.

నీ తమ్ముడు
ఢిల్లీరావు

*

ఆదివారం

మావయ్యకి,

సింధూర రాస్తున్నాను. నీ సన్న అక్షరాలు అమ్మకి ఆనడం లేదు, రెండుసార్లు చదివి వినిపించాను. మొదటిసారి జీడిపిక్కలు ఏరుతూ వింది. రెండోసారి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. తను చెప్పింది చెప్పినట్టే రాయాలట, ఒక్క మాట దిద్దకూడదట.

"ఒరే ఢిల్లీ, ఆ కాయితం సంగతి నువ్వు పెట్టిన వారానికే నాకు తెలుసు. సర్వే బాబే తెచ్చి సూపించినాడు. నీ రాత నాకు తెలవదేటి? పలక మీద దిద్దించింది నానే కదా. నీ నోటితో నువ్వు సెప్పేదాకా సూద్దామని ఊరుకున్నాను. నాలుగు నెల్లు ఊరుకోడం శానా కట్టంగా ఉండీది."

ఇక్కడ అమ్మ నాన్నని పిలిచి "సెప్పేత్తన్నాను" అంది. నాన్న తలూపాడు.

"అమ్మకి సీరియస్సని మీ బావ ఫోన్ సేసినప్పుడికే అమ్మ లేదురా. తెల్లారగట్లే పోనాది. ఒక్కడివే అంత దూరం నుంచి రావాల, దారిలో ఏటైపోతావోనని బయపడి నానే అలా సెప్పించినాను. ఇమానం మన తోటలో దిగినా నువ్వు అందీవోడివి కాదు. నువ్వు ఆ లెక్కలో ఉన్నావని తెలిత్తే ఎప్పుడో సెప్పుదును. నువ్వు దాసింది నాలుగు నెల్లు, నాను దాసింది ఆరేళ్ళు. నా తప్పు నాకూ ఉంది."

అమ్మ ఏడవలేదు మావయ్యా. పెన్ను కింద పెట్టి నేనే కాసేపు బయటికి వెళ్ళొచ్చాను.

"ఇప్పుడు పని సూడు. శుక్రారం పంచాయతీ కాడ మీటింగు. ఊళ్ళో సగం మంది ఇమానం వత్తే బాగుంటాదంటన్నారు, సగం మంది ఒద్దంటన్నారు. ఎవులూ ఆ లోపలికెళ్ళి సూసినోళ్ళు కారు. నువ్వే సూసినావు. ముందురోజు లక్ష్మివారం రైలుబండికి సుమ్మాదేవి టేసన్లో దిగు, సింధూర స్కూటీ ఏసుకొత్తాది. మీటింగులో బూములు ఇమ్మనీ సెప్పొద్దు, ఇవ్వొద్దనీ సెప్పొద్దు. ఆ తుడిసే ఆవిడ సంగతి సెప్పు. పైనుంచి సూత్తే మనం అవుపడమని సెప్పు. నీకు నాలుగున్నర గంటల దారి ఎంత కట్టమో అదీ సెప్పు, దాయకు. ఆ తరవాత ఎవుల మాట ఆళ్ళే సెప్పుకుంటారు. నా మాట మాత్రం నువ్వు సెప్పకు. నాను లేసి సెప్తాను."

ఇంతే. కాగితం అడుగున జాగా వదలమంది. సంతకం తనే పెడుతుందట.

నీ మేనకోడలు
సింధూర

పార్వతి