చివ్వెంల మట్టి

సూర్యాపేట

బంగారు చెల్లె వందనకు,

మిర్యాలగూడ ఎంత దూరమని ఉత్తరం రాస్తున్నాడు, వీడికి పిచ్చిగాని పట్టిందా అనుకుంటావు. ఫోన్లో నీ గొంతు వింటే చెప్పలేను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ "తిన్నవా" అని అడిగి పెట్టేశాను.

మొన్న నువ్వన్నావు కదా, "అన్నా, ఇంటి పునాదిల ఎయ్యనీకి మన చివ్వెంల చెలక మట్టి ఓ సంచెడు పట్టుకరా, అమ్మ ఉన్నట్టుంటది" అని. ఆ చెలక మట్టిని మీరు ప్లాటు కొన్న ఈ సూర్యాపేట వెంచర్‌కి నేను ఇంతకుముందే ఒకసారి మోసుకొచ్చాను.

ఆ ప్లాట్లున్న చోట ఒకప్పుడు పురుగుమందుల ఫ్యాక్టరీ ఉండేది, నీకు తెలుసు. మా ఓనరు దాన్ని కొని, షెడ్లు కూలగొట్టించి, పైన ఎర్ర మొరం పోయించాడు. వెనకవైపు పాత మందు డ్రమ్ములు పూడ్చిన గుంత అట్లాగే ఉంది. దాన్ని తవ్వి శుభ్రం చేయడానికి ఏడాది పడుతుందన్నారు. అంతకాలం ఆగే మనిషి కాదతను. మట్టిని పరీక్షకు పంపే రోజు నన్ను పిలిచి, "గీడి మట్టి ఎందుకు లింగస్వామీ, మీ ఊర్ల మంచిగుంటది గద, జర తీస్కరాపో" అన్నాడు. సూపర్‌వైజర్‌ని, సరే అన్నాను. అమ్మ కందులు వేసిన చోటే తవ్వి ఆరు సంచులు నింపాను. చీటీల మీద వెంచర్ పేరు రాసి, కింద సంతకం పెట్టాను. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది, రాక చస్తుందా.

ఆ రిపోర్టు చూసే రాజు బావ ప్లాటు కొన్నాడు. అన్న పనిచేసే వెంచరే కదా అన్న ధైర్యం ఒకటి. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నాకు చెప్పకుండా దాచి, మిఠాయి డబ్బాతో వచ్చారు మీరిద్దరూ. మీరు నవ్వుతుంటే నేనూ నవ్వాను. నాది ఎంత సిగ్గులేని ముఖం.

మీ ప్లాట్లో బోరు వేసిన హర్యా నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూసి, "మందు కొట్టిన చేను లెక్క వాసనొస్తంది అన్నా, నేనైతే తాగ" అన్నాడు. నువ్వేమో కడుపుతో ఉన్నావు, ఐదో నెల. పని మానేసి అందరికీ చెప్తానని ఓనరుతో అంటే, "సంతకం నాదా, నీదా?" అని మెల్లగా అడిగాడు. అప్పట్నుంచి ఉండలేను, పోలేను.

ఒక్కటే అడుగుతున్నా. ఇల్లు మొదలుపెట్టొద్దు. వాస్తు కుదరలేదని చెప్పి ఎవరికైనా అమ్మేయండి. చదివాక ఈ కాగితం పొయ్యిలో పడెయ్.

నీకు ముఖం చూపలేని అన్న,
లింగస్వామి


మిర్యాలగూడ

అన్నకు,

పొయ్యిలో వేయలేదు. రోజంతా ఏడ్చాను, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. మీ బావ మాత్రం నీ మాటే పట్టుకొని, "వాస్తని చెప్పి అమ్మేద్దాం" అన్నాడు. నేనూ సరే అన్నాను.

రెండు రోజులకే నేరేడుచర్ల నుంచి కమల అనే టీచరమ్మ ప్లాటు కొంటానని మా ఇంటికి వచ్చింది. కాగితాలు తిరగేస్తూ, "రిపోర్టు మంచిగనే ఉన్నది గద చెల్లె? మా అమ్మకు పానం బాగుండదు, నీళ్లు మంచియి కావాలె" అంది. నన్ను చెల్లె అంది అన్నా. నువ్వు నన్ను పిలిచినట్టే పిలిచింది. నాకైతే చెప్పడానికి నువ్వున్నావు, ఆమెకు ఎవరున్నారు? లోపలికి పోయి నీ ఉత్తరం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

ఇప్పుడు దాని జిరాక్సు ప్లాట్లు కొన్న వాళ్లందరి దగ్గరా ఉంది. సోమవారం పది గంటలకు అందరం సూర్యాపేట కలెక్టరాఫీసుకు పోతున్నాం. నిన్ను అడగకుండా చేశాను. కోపమొస్తే వచ్చి తిట్టు, పడతాను. ఆ చీటీల మీద సంతకం నీదే, కాదనలేవు. నువ్వు రాసిన ఆ ఉత్తరం కింద సంతకం కూడా నీదే.

గేటు దగ్గర నీకోసం చూస్తుంటాను. వచ్చేటప్పుడు మట్టి ఓ సంచెడు పట్టుకరా. చివ్వెంలది కాదు, ఆ గుంతది.

నీ చెల్లె,
వందన