ఇంటికి ఫోన్ చేశారా?

నవంబర్ 11, సోమవారం

ఈరోజు నేను సినిమా షూటింగ్‌లో కూర్చున్నాను. అత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు. పెళ్లిళ్లలో ఫోటో తీస్తుంటే స్తంభం వెనక్కి పోయే మనిషిని.

ఈయన ఇదివరకు యాప్రాల్‌లో ఫ్లెక్స్ షాపులో పనిచేసేవారు. ఇప్పుడు సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరారు. ఇదే మొదటి సినిమా. బొల్లారంలో మూతపడిన ఒక ఆఫీసును పేపర్ ఆఫీసుగా మార్చారు. తెర మీద కనిపించే పేపర్లన్నీ ఈయనే కంప్యూటర్‌లో తయారు చేస్తారు. పొద్దున ఏడింటికి ఫోన్ చేసి, డెస్క్ సీన్‌ల ఒక లేడీ తక్కువ పడ్డది, జెర వస్తవా భవానీ, ఊకె కూసుంటె సాలు, మాట్లాడేది ఏం లేదు అన్నారు. మాట్లాడేది లేదన్నారనే వెళ్లాను.

ఎంత పెద్ద హాలు! ఇరవై టేబుళ్లు. గోడ మీద ఐదు టీవీలు. ఒకాయన స్విచ్ నొక్కితే ఫోన్లన్నీ ఒకేసారి మోగుతాయి. యాక్షన్ అనగానే అందరూ పరిగెడతారు, అరుస్తారు, కాగితాలు విసురుకుంటారు. కట్ అనగానే పెళ్లివారిలా కూర్చుని చాయ్ తాగుతారు. నేను వెనక వరుసలో, ఆకుపచ్చ చీరలో, తల వంచుకుని ఉన్నాను.

డైరెక్టర్ ఆడమనిషి. వసుధ మేడం. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. రెండు వందల మంది ఆమె చెయ్యి ఎత్తితే ఆగుతారు. ఆమెనే చూస్తూ ఉండిపోయాను.

నవంబర్ 12

ఇంకా ఎనిమిది రోజులు రావాలట. కంటిన్యుటీ అంట. ఆ కుర్చీలో, ఆ చీరలో నేను ఒకసారి కనిపించాను కాబట్టి సీన్ అయ్యేదాకా అక్కడే ఉండాలి. నేను లేకపోతే పని చెడిపోతుందని నా గురించి ఒకరు అనడం ఇదే మొదటిసారి.

నవంబర్ 14

నేను చదివింది ఏడో తరగతి వరకే. అయినా పేపర్ తడబడకుండా చదువుతాను. అత్తమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి రోజూ చాయ్ తాగేటప్పుడు నేనే చదివి వినిపించాలి. ముందు శ్రద్ధాంజలి పేజీ. ఆ తర్వాతే దేశం సంగతి. వయసెంత, పిల్లలెందరు, ఏ బస్తీ అని అడిగి, నాకన్న శిన్నదే, పాపం అంటుంది. నాకు చదువు గట్టిపడింది చనిపోయిన వాళ్ల వల్లే.

సెట్‌లో వెంకటరత్నం గారని ఒక పెద్దాయన ఉన్నారు. ముప్పై ఎనిమిదేళ్లు పేపర్ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మాలాంటి వాళ్లకు డెస్క్ మనుషుల్లా కూర్చోవడం నేర్పుతారు. చెవి వెనక పెన్ను పెట్టుకునేది సినిమాల్లోనే, తీసేయండి అంటారు. ఫోన్ మోగితే తల ఎత్తకూడదట, చెయ్యి దానంతటదే వెళ్లాలట. ఆయన చేసి చూపించారు. ముందు ఫోనే లేదు, అయినా ఆ చెయ్యి ఫోన్ ఎత్తింది.

ఈరోజు నా టేబుల్ దగ్గర ఆగి, ఏంటమ్మాయ్, నిజంగానే చదువుతున్నావా అన్నారు. వేలితో చూపించాను. హెడ్డింగ్ కింద ఒకే పేరా నాలుగుసార్లు ఉంది. ఆయన నవ్వి, ఇంతమంది పేపర్ పట్టుకున్నారు, చదివింది నువ్వొక్కదానివే అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే వినిపించింది.

తర్వాత ఒక సంగతి చెప్పారు. ఆయన ఉద్యోగంలో చేరిన ఏడాది, ఎవరో ఫోన్‌లో చెప్పారని ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ చనిపోయినట్టు వేసేశారట. మర్నాడు ఆ హెడ్‌మాస్టరే పేపర్ చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చారట. తిట్టలేదట. చాయ్ తాగి, అక్షరాలు బాగున్నాయి అని వెళ్లిపోయారట. అప్పటి నుంచి ఆయన డెస్క్‌లో ఒకే రూలు. ఇంటికి ఫోన్ చేయకుండా ఎవర్నీ చంపకూడదు. చావు వార్త ఎవరు తెచ్చినా మిగతావాళ్లు అడిగే మొదటి మాట, ఇంటికి ఫోన్ చేశారా?

సినిమా కథ కూడా అదేనట. పేపర్లో చంపేసిన పెద్దమనిషి రోజూ టిఫిన్ డబ్బాతో ఆఫీసుకొచ్చి, బతికున్నానని వేసేదాకా కదలనంటాడు.

నవంబర్ 18, సోమవారం

ఈరోజు మా టేబుళ్ల మీద శ్రద్ధాంజలి పేజీ పెట్టారు. ఎనిమిది ఫోటోలు. సినిమాలో ఆ పెద్దమనిషిది మొదటిది. చివరిది మా అత్తమ్మది. కింద పేరు సత్యవతమ్మ అని వేశారు. ముఖం మాత్రం అత్తమ్మదే, ఎడమ కనుబొమ్మ మీది మచ్చతో సహా. చుట్టూ నల్ల గీత.

భోజనాల దగ్గర ఈయన్ను అడిగాను. ఇంటర్నెట్ ఫోటోలు వాడొద్దన్నారట. యూనిట్ వాళ్లు తమ ఇళ్లలో పోయినవాళ్ల ఫోటోలు ఇచ్చారట. ఒకటి తక్కువైంది. తొందరలో అమ్మ ఆధార్ కార్డు ఫోటో పెట్టేశారట. గంత దూరంకెళ్లి ఎవలు సూస్తరు అనుకున్న అన్నారు. కానీ రేపు కెమెరా ఆ పేజీ మీదికే వస్తుందని ఈయనకు ఇప్పుడే తెలిసిందట. ఇప్పుడు చెప్తే ఇదే నా మొదటి సినిమా, ఇదే ఆఖరుది, నువ్వు సప్పుడు చేయకు అని నా చెయ్యి పట్టుకున్నారు.

అత్తమ్మది స్టూడియోలో తీయించిన మంచి ఫోటో ఒకటి ఉంది, ఫ్రేమ్‌తో సహా. మామయ్య ఫోటో పక్కన పెడదామంటే పెట్టనివ్వదు. గోడకెక్కేది పోయినంకనే, గప్పటిదాంక పెట్టెల్నే ఉంటా అంటుంది. అలాంటి మనిషి సినిమా వచ్చాక థియేటర్ గోడంత పెద్దగా, నల్ల గీతలో తనను తాను చూసుకోవాలి. పక్కన మా బస్తీ అంతా ఉంటుంది.

అన్నం తినలేదు.

నవంబర్ 19

చెప్పేశాను. ఎలా చెప్పానో నాకే తెలియదు.

సీన్‌లో ఎడిటర్ వేషం వేసినాయన మా వరుసకు వచ్చి, ఈ పేజీ ఎవరు చూశారు అని అరవాలి. మేమందరం తల వంచుకోవాలి. కెమెరా నా టేబుల్ మీదికి దిగాలి. రెండుసార్లు లైటింగ్ కుదరలేదు. మూడోసారి కెమెరా దిగుతూ దిగుతూ అత్తమ్మ ముఖం దాకా వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

ఈమె కూడా బతికే ఉంది అన్నాను.

ఎడిటర్ వేషం ఆయన ఆగలేదు. ఎవరమ్మా అని గద్దించారు. ఫోటో మీద వేలు పెట్టి, ఈమె, పొద్దున నేనే చాయ్ ఇచ్చి వచ్చాను అన్నాను.

హాలంతా ఒక్కసారిగా నవ్వు. లైట్లు పట్టుకున్న వాళ్లు కూడా నవ్వారు. వసుధ మేడం పరిగెత్తుకొచ్చి, ఒకరు బతికుంటే కథ, ఇద్దరు బతికుంటే కామెడీ, సూపర్, ఎవరు చెప్పారు నీకు ఈ డైలాగ్ అన్నారు. డైలాగ్ కాదు మేడం, మా అత్తమ్మ అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది.

నవ్వు ఆగిపోయింది. ఈయన స్తంభం వెనక నుంచి వచ్చారు. గల్తీ నాదే మేడం, మా అమ్మనే అన్నారు. మేడం ముఖం ఎర్రబడింది. అడగకుండా ఎట్లా పెడతావ్ హరికిషన్, నీకు బుద్ధుందా అని అందరి ముందూ తిట్టారు. తిట్టినంతసేపూ ఈయన నన్ను చూడలేదు.

అప్పుడు వెనక నుంచి వెంకటరత్నం గారి గొంతు. ఇంటికి ఫోన్ చేశారా?

మళ్లీ అందరూ నవ్వారు. మేడం కూడా. ఆయన ముందుకొచ్చి, నా ఫోటో వేసుకోండి, ముప్పై ఎనిమిదేళ్లు ఊళ్లో వాళ్లందర్నీ వేశాను, నా వంతు రావద్దా అన్నారు. రూలు రూలే కదా అని అక్కడే స్పీకర్ పెట్టి భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా, వేసుకోమనండి, ఆ కోటు ఫోటో మాత్రం వద్దు, అందులో మీరు నిజంగానే పోయినట్టుంటారు అన్నారు.

పేరు మార్చి వేస్తామంటే మాత్రం ఆయన ఒప్పుకోలేదు. తప్పు పేరు వేయడం నా చేత కాదు అన్నారు. అసలు పేరే పెట్టారు.

ఈయన ఉద్యోగం పోలేదు. ఆటోలో, యాప్రాల్ మలుపు దగ్గర, నాకంటె నీకే ధైర్యం ఉన్నది అన్నారు.

ఇంటికి రాగానే అత్తమ్మకు అంతా నేనే చెప్పాను. అంతా విని కొడుకు వైపు తిరిగి, ఏందిరా, గా ఆధార్ ఫోటోనా పెట్టినవ్? నేను సచ్చినంక సుత గది పెట్టకు అంది. రెండు రోజులు నీతో మాట్లాడ అని కూడా అంది.

నవంబర్ 20

డైలాగ్ ఉంచారు. కొత్త పేజీతో మళ్లీ తీశారు. పదహారు టేకుల దాకా నాకు గొంతే రాలేదు. ఎవరూ విసుక్కోలేదు. పదిహేడోసారి వెంకటరత్నం గారు కెమెరా పక్కన వచ్చి నిలబడ్డారు. ఆయన్నే చూస్తూ చెప్పాను. ఈయన కూడా బతికే ఉన్నారు అని. ఆయన ఎదురుగా బతికే ఉన్నారు కాబట్టి నటించాల్సిన పని లేకపోయింది.

జూలై 18, శుక్రవారం

సికింద్రాబాద్‌లో మార్నింగ్ షో. అత్తమ్మ, ఈయన, నేను. నా ముఖం ఉన్నది నాలుగు సెకన్లే. హాలు పగలబడి నవ్వింది. అత్తమ్మ ముందు వరుస వాళ్ల భుజం తట్టి, గామె మా కోడలే అంది. సీట్లో కిందికి జారిపోయాను.

ఎంత బాగా తీశారు మేడం! నవ్విస్తూనే ఒకచోట ఆపేశారు. హాలంతా గోల గోలగా ఉంటే డెస్క్‌లో ఒకామె ఒకే పేరును మూడుసార్లు చదువుతుంది. ఫోన్ చేస్తుంది. అవతల ఎత్తేదాకా ఆమె ఊపిరి కూడా తీసుకోదు. ఇంట్లో పడే పేపర్ వెనక అలాంటి మనుషులు ఉంటారని నాకు తెలియదు. ఇకమీదట పేపర్ మడతపెట్టి దోసెల కింద వేయను.

జూలై 26, ఉదయం 7

సినిమా పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో వెంకటరత్నం గారి ఫోటో, నల్ల గీతలో. కింద నలభై మూడు దండాలు, పూలు. ఈయన కూడా దండం పెట్టారు.

చూశాను. మళ్లీ చూశాను. పక్కన ఇంకో ఏడు ఫోటోల అంచులు కనిపిస్తున్నాయి. అది సినిమాలో పేజీ, ఎవరో కత్తిరించి పెట్టారు. తాను కంప్యూటర్‌లో చేసిన పేజీకే ఈయన దండం పెట్టారు.

అయినా రూలు రూలే. ఫోన్ చేశాను. ఐదుసార్లు మోగింది. ఊపిరి తీసుకోలేదు.

ఆయనే ఎత్తారు. నేను మాట్లాడకపోయేసరికి, అమ్మాయ్, నువ్వేనా అన్నారు. నిన్నటి నుంచి గ్రూపులో పూలే వస్తున్నాయి, ఎవరు ఫోన్ చేస్తారా అని చూస్తున్నాను, నీదే మొదటిది అన్నారు.

గ్రూపులో చేరి ఎనిమిది నెలలైంది. ఈరోజే మొదటిసారి రాశాను.

ఆయన బతికే ఉన్నారు. ఇంటికి ఫోన్ చేశాను.