ఒకే దిక్కుకి పెరిగే పోగు

గ్రేటర్ నోయిడా
బుధవారం

నా బంగారు అమ్మకి,

వర్షిణికి సుధీంద్ర నచ్చలేదని మీరంతా కలిసి తేల్చేశారట. ముహూర్తం వెనక్కి జరపమన్నందుకు ల్యాబ్‌లో ఎవరో ఉన్నాడని నాన్న, చదువెక్కువై పొగరని నువ్వు. తాయారమ్మ నానమ్మ ఏమంటోందో నేను ఊహించుకోగలను. నన్నే అడుగుదామని మాత్రం ఒక్కరికీ తోచలేదు. ఫోన్‌లో చెబుదామంటే నాన్న స్పీకర్ పెట్టేస్తారు, సగం జనక్‌పురి వింటుంది. అందుకే ఈ కాగితం.

సుధీంద్ర నాకు నచ్చాడమ్మా. బాధంతా అదే. పోయిన నెల నోయిడాలో మోమోలు తింటూ, "మగపిల్లాడు పుడితే క్రికెట్ కోచింగ్‌కి పొద్దున్నే నేనే తీసుకెళ్తా, నువ్వు పడుకోవచ్చు" అన్నాడు. నవ్వాను. కళ్ళ ముందు మాత్రం మన దీపు. నేల మీంచి లేవాలంటే తన కాళ్ళ మీదే చేతులతో పాకుతూ లేచే నా తమ్ముడు. పదో తరగతికి చక్రాల కుర్చీ. కాలేజీ మొదలవకముందే పోయాడు. పెళ్ళిచూపుల్లో నువ్వు వాళ్ళకి చెప్పింది, చిన్నప్పుడు జ్వరమొచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయని. నేను పక్కనే కూర్చుని కాఫీ తాగాను.

దీపుది కండరాల జబ్బు. తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. కూతురికి వస్తే సాధారణంగా ఆమెని ఏమీ చెయ్యదు, ఆమె కొడుకుల కోసం కాచుక్కూర్చుంటుంది. నాలో ఉందో లేదో చూసుకోవాలనుకున్నాను. జన్యువులో మారిన అక్షరం ఎక్కడుందో దీపు రిపోర్టులో ఉంది. నా నెత్తురు, నా ల్యాబ్, రోజూ చేసే పనే.

డీఎన్‌ఏ మన బ్లూ లైన్ మెట్రో పట్టాల్లా జంటగా ఉంటుంది, ఒకటి ద్వారక వైపు, ఒకటి నోయిడా వైపు. కాపీ తీసేటప్పుడు కొత్త పోగు ఒకే దిక్కుకి పెరుగుతుంది. కొత్త అక్షరం ఎప్పుడూ తోక కొసకే అతుక్కుంటుంది, తల వైపు ఒక్కటీ చేరదు. ట్యూబులో కాపీ తియ్యాలంటే మేం ప్రైమర్లని రెండు మొదలుముక్కలు వేస్తాం, ఎదురెదురుగా బయల్దేరేటట్టు. రెండోదాన్ని తిరగేసి రాసి కంపెనీ నుంచి తెప్పించాలి. నేను తిరగెయ్యలేదు. రెండూ నోయిడా వైపే వెళ్ళిపోయాయి. కాపీ తయారైతే జెల్ మీద గీత పడాలి, ఒక్కటీ పడలేదు.

పక్క బెంచీ హారిక, హైదరాబాద్ పిల్ల, పడీ పడీ నవ్వింది. "అచ్ఛా! జూనియర్లకు క్లాస్ చెప్పేదానివి, రెండు ప్రైమర్లూ ఒక్క దిక్కుకే రాస్తివా? ఫస్ట్ ఇయరోళ్ళు చేస్తరే గిట్ల!" నేనూ నవ్వాను. ఆ ఖాళీ జెల్ చూసి ఎంత హాయిగా అనిపించిందో దానికి చెప్పలేదు. తెలుసుకోవడం నా చేతికే ఇష్టం లేదేమో.

సరిగ్గా రాసి మళ్ళీ తెప్పించాను. ఈసారి గీత వచ్చింది, ఆ కాపీని మెషీన్లో చదివించాను. అక్షరాల గ్రాఫులో అన్నిచోట్లా ఒక్కో శిఖరం, ఆ ఒక్కచోట మాత్రం రెండు, ఒకదాని మీద ఒకటి. ఒకటి నాన్నది. రెండోది నీది. ఆసుపత్రిలోనూ చేయించాను, అదే మాట చెప్పారు. నాకు పుట్టే ప్రతి కొడుకూ దీపు కావడానికి సగం అవకాశం.

నీ నుంచి వచ్చిందని రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఇది నానమ్మ చేతికి చిక్కనివ్వకు, దీపు పోయినప్పుడు నిన్ను అన్న మాటలు చాలు.

నీ వర్షి

గ్రేటర్ నోయిడా
సోమవారం

అమ్మా,

నువ్వు ఒక్కదానివే మెట్రో దిగి, బస్సు పట్టుకుని నిన్న హాస్టల్‌కి వస్తావనుకోలేదు. వార్డెన్ దీదీ చాయ్ తెస్తానంటే వద్దన్నావు. చెప్పులైనా విప్పకుండా నా మంచం మీద కూర్చుని చెప్పావు.

"నాకు తెలుసే. మా తమ్ముడు రంగనాథ్ కాలువలో పడి పోయాడని మీకు చెప్పాను కదా. కాలువ దాకా నడిచే కాళ్ళెక్కడివి వాడికి?"

"నాన్నకి తెలుసా?"

"మీ అమ్మమ్మ చెప్పనివ్వలేదు. చెప్పుంటే ఆయన నన్ను చేసుకునేవారా? నువ్వుండేదానివా? నువ్వూ నోరు మెదపకు. సగమేగా, దేవుడున్నాడు."

దీపు కుర్చీ తోస్తున్నప్పుడు నీ మొహం ఎందుకలా ఉండేదో ఇప్పుడు తెలిసింది. నేను దిగులనుకున్నాను. ఒకసారి చూసేసినదాన్ని మళ్ళీ మొదటినుంచీ చూస్తున్నావు నువ్వు, ఎవరికీ చెప్పకుండా. నిన్ను పట్టుకుని ఏడవాలనిపించింది. నువ్వప్పటికే బస్సెక్కేశావు.

కాపీ తీసే ఎంజైము తను ఇప్పుడే వేసిన అక్షరం తప్పైతే ఒకడుగు వెనక్కి వేసి కత్తిరిస్తుంది, మళ్ళీ ముందుకే సాగుతుంది. తనకి అందిన పాత పోగులోనే ఉన్న తప్పుని కనిపెట్టలేదు. ఉన్నదున్నట్టు నమ్మకంగా ఎక్కిస్తుంది. అమ్మమ్మ నీకు, నువ్వు దీపుకీ నాకూ ఇచ్చింది అలాంటిది. అందులో నీ తప్పు లేదు, ఎవరేమన్నా నేను ఒప్పుకోను. కానీ నోరు మూసుకోవడం నెత్తురులో రాదమ్మా. అది నువ్వు నేర్చుకున్నది, నిన్న నాకు నేర్పబోయింది.

సుధీంద్ర వద్దని వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే నాకు చాలా రోజులు కష్టంగా ఉంటుంది.

శనివారం ఇంటికొచ్చి నాన్నకి చెప్తాను, రంగనాథ్ మావయ్య సంగతితో సహా. ఆదివారం సుధీంద్రకి చెప్తాను.

వర్షిణి