ఎర్ర అంచు ముక్క

శారదా,

దూరం నుంచే గుర్తుపట్టొచ్చని, మీ బట్టల కొట్లోని ఒకే ఎర్ర అంచు ముక్క చించి మనిద్దరి సూట్‌కేసులకూ కట్టావు. టూరు చివరి రోజు బ్యాంకాక్ హోటల్లో పెట్టె సర్దేసి, టీ తాగుతూ నా మీదికి ఒరిగావు, అంతే. కాగితాలు పూర్తయితే గాని నిన్ను పంపరట. నీ పెట్టె మాత్రం మాతో వచ్చేసింది. గన్నవరంలో విమానం దిగాక, ఆ ఎర్ర ముక్క చూసి పొరపాటున నీ పెట్టె నేను తెచ్చుకుని, నాది మీ ఇంటికి పంపాను.

ఇందాక మీ ఆయన ఫోన్ చేశారు. ఆ గొంతులో సంతోషం విని బిత్తరపోయాను.

"చెల్లెమ్మా, పెట్టె తెరిచాను. ఇవి మా శారద చీరలు కావమ్మా! మనిషి విషయంలో కూడా అక్కడివాళ్లు పొరపాటు పడ్డారేమో, కాస్త కనుక్కోమ్మా."

నువ్వు పోయింది నా ఒళ్లోనే. అయినా, "కనుక్కుంటానన్నయ్యగారూ" అన్నాను.