ఎగువ నుంచి వచ్చిన సంచులు

తమ్ముడు తుకిరన్‌కు అక్క సుకేసి దీవెనలు.

నాన్న పడవ తగువు తర్వాత రెండేళ్ళుగా మనకు మాటల్లేవు. ఇప్పుడూ రాసేదాన్ని కాదు, నది రాయించింది. మా రేవు ఆడవాళ్ళం నీటి పరీక్ష నేర్చుకున్నాం. నీళ్ళలో రాయి తిరగేసి పురుగులున్నాయా అని చూడాలి. ఉంటే మంచి నీరట. నేను ఇన్నాళ్ళూ తలకిందులుగా అనుకున్నాను. మా దగ్గర ఒక్క పురుగూ లేదు గానీ నీ సంచులున్నాయి. బియ్యం సంచుల నిండా వాడేసిన డైపర్లు. మూతికి నాన్న మనిద్దరికీ నేర్పిన ముడి. మనవడు పుడితే నాకు కబురు చేయాలి గానీ ఇలా నదితో పంపిస్తావా?

ఇట్లు,
సుకేసి

తా.క.: పిల్లాడు పుష్టిగానే ఉన్నట్టున్నాడు. సంచి ఒడ్డుకు లాగడానికి ఇద్దరం పట్టాం. ఆ లాగుడులో నా ఫోను నీళ్ళలో పడింది. నీటి పరీక్ష నేర్పినవాళ్ళు దాన్నీ చెత్త లెక్కలోనే రాసుకున్నారు.

*

అక్కయ్యకు నమస్కారాలు.

మా ఇంట్లో పసిబిడ్డ లేదు. ఆ ముడి ఈ బ్రంతాస్ నది మీద పడవ నడిపే ప్రతివాడికీ వచ్చు. పురుగులు లేకపోతే నేనేం చేసేది? ఎగువన ఇంకా ఊళ్ళున్నాయి, వాళ్ళనడుగు.

తుకిరన్

తా.క.: పడవ నువ్వే తీసుకో.

*

తమ్ముడికి, ఈసారి కొంచెం తగ్గించి దీవెనలు.

అడక్కుండా పడవ ఇస్తానన్నావంటే ఏదో తప్పు చేశావన్నమాటే. పైగా ఆ గుండ్రటి అక్షరాలు నీవి కావు. నీ రాత కోడి కెలికినట్టుంటుంది. అరవై దాటాక ఎవర్ని కట్టుకున్నావురా? ఇన్నేళ్ళు కాపురం చేసిన మర్సితి నీకేం లోటు చేసింది? ఆమెను నా దగ్గరికి పంపెయ్, నేను చూసుకుంటాను. బిడ్డదేం తప్పు లేదు కనుక ఉన్ని టోపీ అల్లి పంపుతున్నాను. డైపర్లు మాత్రం నదిలో వేయకు. జనం చూస్తారని సిగ్గయితే పెరట్లో కాల్చెయ్.

సుకేసి

తా.క.: టోపీ కొలత సంచి బరువును బట్టి వేశాను. ఎదిగే పిల్లాడని ఇంకాస్త వదులు పెట్టాను.

*

వదిన గారికి మర్సితి నమస్కారాలు.

ఆ గుండ్రటి అక్షరాలు నావే. ఆయన చెప్పారు, నేను రాశాను. ఆయనకు కుడివైపు పడిపోయి ఏడాదయింది. డైపర్లు ఆయనవి. ముడి కూడా మంచం మీద నుంచే నాకు నేర్పారు. మీకు చెబుదామంటే, "చిన్నప్పుడు నన్ను కడిగి పెంచింది అక్కే. మళ్ళీ ఈ స్థితిలో చూడనివ్వకు" అన్నారు. పడవ మాట మాత్రం మనస్ఫూర్తిగా అన్నదే.

మీ ఉత్తరంలో రెండో పెళ్ళి దగ్గరికి రాగానే నవ్వారు. ఎన్నాళ్ళకో నవ్వారు. మళ్ళీ చదవమన్నారు. టోపీ తొడిగించుకున్నారు, సరిగ్గా సరిపోయింది. "అక్క అంచనా తప్పలేదు, రమ్మని రాయి" అన్నారు. తెల్లారి రాద్దామనుకున్నాను. తెల్లారేసరికి ఆయన లేరు. మీ ఫోను పలకలేదు. మన పద్ధతి ప్రకారం ఆ రోజే మట్టి చేసేశాం. మన్నించండి.

మర్సితి

తా.క.: డైపర్లు కాల్చమని మీరు రాశారు. కాలిస్తే వేసుకున్నవాళ్ళ ఒళ్ళు మండుతుందని ఇక్కడ అంటారు, అందుకే నదిలో వేశాను. ఇంకొక సంచి మిగిలింది. ఇప్పుడు మండడానికి ఆయన లేరని తెలుసు. అయినా అగ్గిపుల్ల గీయడానికి చేయి రావడం లేదు. నదిలో కూడా వేయను. మీరొచ్చి ఏం చేయాలో చెప్పండి.