గంట తేడాలో వచ్చిన హరీరా

సఫ్రూ, రంజాన్ రెండో వారం

గుండీల కొట్టు సీ జిలాలీ గారికి,

ఎదురింటి యామ్నా సలాములు. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి. మా ఆయన పోయాక పాటించే ఇద్దత్ గడువు ఇంకా పూర్తి కాలేదు. తెల్లబట్టల్లో గడప లోపలే ఉన్నదాన్ని, పరాయి మగవాళ్లతో ముఖాముఖి మాట్లాడకూడదు కాబట్టి ఈ కాగితం.

ఈ రంజాన్‌కి పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. ఒక్కదాని కోసం ఏం వండుకుంటాం? ఖర్జూరంతో, రొట్టెముక్కతో సరిపెట్టుకుందామనుకున్నాను. మొదటి రోజే ఎవరో తలుపు తట్టి, గుడ్డ చుట్టిన హరీరా గిన్నె గడపలో పెట్టి వెళ్లారు. నా మోకాళ్లు లేచి తలుపు తీసేసరికి సందులో పిల్లి కూడా లేదు. అప్పట్నుంచీ రోజూ ఇదే తంతు. ఆ సూప్ తాగుతుంటే, నన్ను తలుచుకునేవాళ్లు ఇంకా ఉన్నారని ఏడుపొచ్చింది.

నిన్న మా మేనల్లుడు తలుపు మీద బిగించిన కెమెరాలో చూశాను. ముసుగు కళ్ల మీదికి దించుకున్న గోధుమరంగు జెల్లాబా అంగీ. ముఖం కనబడలేదు. మోచేతి దగ్గర మాసిక ఉంది. సమయం ఐదు. ఐదింటికి కొట్టు కట్టేసి ఈ సందులో నడిచే గోధుమరంగు జెల్లాబా మీదొక్కరిదే. మీ రుణం తీర్చుకోలేనిది.

ఇట్లు
మీ మేలు మరవని
యామ్నా

తా.క.: మిమ్మల్ని పిసినారి అని ఇన్నేళ్లూ నమ్మాను. దేవుడు నన్ను క్షమించాలి. నిన్నటి దాంట్లో ఉప్పు తగ్గింది, కాస్త చూసుకోండి.

*

లల్లా యామ్నాకి,

జిలాలీ సలాములు. మీ వారు సీ హమ్మూ గారికి స్వర్గం దొరకాలి.

మీరు పొరబడ్డారు. నేను గుండీలు అమ్ముకునేవాణ్ణి, సూప్ పంచేవాణ్ణి కాదు. ఐదింటికి ఉపవాసం నీరసంతో గోడ పట్టుకుని ఇంటికి చేరతాను, ఇక గిన్నె పట్టుకునే చెయ్యేది? మీ దీవెనలు ఎవరివో వాళ్లకి చేర్చండి.

ఇట్లు
జిలాలీ

తా.క.: మీ కెమెరా గడియారం సరిగ్గానే ఉందా? రంజాన్ రాగానే ఊరంతా గంట వెనక్కి తిప్పుతారు, పండగ కాగానే ముందుకి తిప్పుతారు. నా కొట్టు గడియారాన్ని నేను ముట్టుకోను. పదకొండు నెలలు దేశం నాతో విభేదిస్తుంది, ఈ ఒక్క నెలా నా దారికి వస్తుంది.

*

సీ జిలాలీ గారికి,

యామ్నా వెయ్యి సలాములు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు. మీరు కాదన్నప్పుడే నాకు రుజువైపోయింది. నిజంగా ఇవ్వనివాడైతే ఈపాటికి "ఆ, ఏదో నా శక్తికొద్దీ" అని ఒప్పుకునేవాడు.

నన్ను పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లందరికీ చెప్పాను. వాళ్లు అటునుంచి అటే ఊరి ఆడవాళ్లంతా చేరే స్నానాల ఇంటికి వెళ్లారు, కాబట్టి ఇక ఊళ్లో తెలియనివాళ్లు ఉండరు. కెమెరా గురించి బెంగ వద్దు. రంజాన్ మొదటి రోజే నేనే మీటలు నొక్కి గంట వెనక్కి తిప్పాను.

ఇట్లు
యామ్నా

తా.క.: ఉప్పు సరిపోయింది, సంతోషం. శనగలు ఇంకొక్క ఉడుకు ఉడకాలి.

*

లల్లా యామ్నాకి,

సలాములు. మీ పుణ్యమా అని నా కొట్టు ముందు జనం. ఒకామె కొడుకు జెల్లాబాకి గుండీలన్నీ ఉచితంగా ఇమ్మంది. ఇమాం గారు అందరి ముందూ నా భుజం తట్టారు. కాదంటుంటే ఎంత వినయం అంటున్నారు. ఇంట్లో మహ్జూబాతో చెప్పుకుంటే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కట్టుకున్న పెళ్లానికి కూడా నా మీద జాలి లేదు.

పరువు సంగతి అలా ఉంచండి. నాకు భయంగా ఉంది లల్లా. ఎవరో రోజూ ఇస్తున్నారు, వాళ్లకి చేరాల్సిన దీవెనలు నేను దోచుకుంటున్నాను. దయచేసి ఒక్క పని చేయండి. సాయంత్రం అజాన్ వినబడినప్పుడు కెమెరా ఎంత చూపిస్తుందో మసీదువాళ్లు ఇచ్చిన నమాజు వేళల పట్టీతో సరిచూడండి.

ఇట్లు
చెయ్యని పుణ్యం మోస్తున్న
జిలాలీ

*

సీ జిలాలీ గారికి,

యామ్నా సలాములు, క్షమాపణలు. మీరన్నదే నిజం. కెమెరా గంట తక్కువ చూపిస్తోంది. దాని లెక్కన మన ముఅజ్జిన్ గంట ముందే అజాన్ పిలిచి, ఊరందరి ఉపవాసం చెడగొట్టినట్టు! మేనల్లుడికి ఫోన్ చేస్తే, "రంజాన్‌కి అది తనంతట తనే వెనక్కి వెళ్లింది అత్తా, నువ్వు మళ్లీ తిప్పావు" అన్నాడు.

అంటే గిన్నె వచ్చేది ఆరింటికి. పండగ దగ్గరపడుతోంది. ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియకుండా నేను పండగ చేసుకోలేను. ఆయన పోయాక ఈ ఇంట్లో నాకు తిండి సయించింది ఆ చేతి వంటతోనే. ఆరింటికి ఈ సందులో తిరిగేదెవరో కనుక్కుని పుణ్యం కట్టుకోండి.

ఇట్లు
యామ్నా

తా.క.: మీరు మళ్లీ పిసినారి అయిపోయారు. నాకే బాధగా ఉంది.

*

లల్లా యామ్నాకి,

జిలాలీ సలాములు. కనుక్కున్నాను.

ఆరింటికి ఈ సందులో మగపురుగు కనబడదు. అందరం ఆకలికి విసుక్కుని, అజాన్ దాకా ముసుగుతన్ని పడుకుంటాం. నేనూ అంతే. ఆ సంగతి మీకు సాక్ష్యం చెప్పమని మహ్జూబాని పిలిచాను.

"నువ్వు నిద్రపోతావని నాకు తెలియదా? అందుకేగా ఆరింటికి వెళ్లేది" అంది.

మేకుకి తగిలించిన నా జెల్లాబా వేసుకుని, ముసుగు దించుకుని వెళ్తోందట. నాకు ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే కుండలో గరిటెలు లెక్కపెట్టేవాడివి" అంది. నిజమే, లెక్కపెట్టేవాణ్ణే. ఆ మాసిక వేసింది కూడా ఆమే.

నాకు సిగ్గేసింది. తర్వాత చాలా సంతోషం వేసింది. నా ఇంట్లో ఇలాంటి మనిషి ఉందని మీ తప్పు గడియారం చెప్పేదాకా నాకు తెలియలేదు. మీకు నేను రుణపడ్డాను.

ఇట్లు
మహ్జూబా మొగుడు
జిలాలీ

తా.క.: మన ఉత్తరాలన్నీ పెదవి విప్పకుండా మోసింది ఆమేగా. ఇదీ ఆమె చేతికే ఇచ్చాను. చదవడం అయ్యేదాకా వెళ్లనివ్వకండి. మీరు చెప్పాల్సిన కృతజ్ఞత చెప్పేటప్పుడు నాది కూడా కలిపి చెప్పండి. ఇంట్లో నాలుగుసార్లు నోరు తెరిచాను, నాలుగుసార్లూ మంచినీళ్లడిగాను. ఉపవాసంలో ఉన్నానని ఆమే గుర్తుచేసింది.